మాత్రలు పెంచినా దిగని బీపీ, రాత్రి ఆగే ఊపిరి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ వారికి 47 ఏళ్లు, 92 కిలోల బరువు. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా 160/100 దగ్గరే తిరుగుతోంది. రాత్రి గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది, కాసేపటికి ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి అందుకుంటారు. స్లీప్ స్టడీలో, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్షలో, గంటకు 38 అని వచ్చింది, మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ పెట్టుకోమన్నారు. ఆయనేమో "గురకకి మిషనేంటి, వింటే నవ్వుతారు" అంటున్నారు. గురకకీ బీపీకీ సంబంధం ఉందా, మిషన్ పెడితే మాత్రలు మానొచ్చా, గుండెపోటు రాకుండా ఉంటుందా అని అడిగారు.

సంబంధం ఉందమ్మా, గట్టి సంబంధమే. మాత్రలు మాత్రం మానొద్దు. గుండెపోటు సంగతి ఒక్క ముక్కలో చెప్పేది కాదు, దాని దగ్గరికి వస్తాను. నేను 24 ఏళ్లుగా కోస్తాలో ఒక ఊళ్లో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఆరేళ్లుగా నేనూ ముక్కుకి ఆ మాస్కు తగిలించుకునే పడుకుంటున్నాను. కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

నిద్రలో ఇలా గొంతు మూసుకుని ఊపిరి ఆగే జబ్బుని స్లీప్ అప్నియా అంటారు. ముందు ఆ 38 అంటే ఏమిటో చూద్దాం. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి పూర్తిగా ఆగడం, లేదా బాగా తగ్గిపోవడం, గంటకు ఎన్నిసార్లు జరిగిందన్న లెక్క అది. 5 లోపు ఉంటే మామూలు. 15 దాకా కొద్దిపాటి సమస్య, 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఆయన ఆరు గంటలు పడుకుంటే 228 సార్లు. ఆయనకి అందులో ఒక్కటీ గుర్తుండదు. పొద్దున లేచి "హాయిగా పడుకున్నాను" అంటారు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగా తెలియదు.

ఎందుకు ఆగుతుంది? గొంతులో కొండనాలుక వెనక నుంచి నాలుక మొదలు దాకా ఉన్న గొట్టానికి ఎముక ఆసరా లేదు. మెలకువలో ఉన్నంతసేపూ కండరాలు దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవుతాయి. కొబ్బరిబోండాం చివర్లో గట్టిగా పీలిస్తే మెత్తటి స్ట్రా గోడలు అతుక్కుపోతాయి చూడండి, అలాగే. మెడ చుట్టూ కొవ్వు ఉన్నా, కింది దవడ చిన్నదైనా, వెల్లకిలా పడుకున్నా ఇంకా తేలిగ్గా అతుక్కుంటుంది. అందుకే సన్నగా ఉన్నవాళ్లలో కూడా ఇది చూస్తాం. "మా ఆయన లావు కాదు కదండీ" అని కొట్టిపారేయకూడదు.

గొంతు మూసుకున్నాక ఛాతీ ఊరుకోదు. గాలి లోపలికి లాగాలని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. గాలి రాదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మెదడుకి ప్రాణభయం. ఒంట్లో ఉన్న అలారం వ్యవస్థను, అంటే ఎడ్రినలిన్ తరహా రసాయనాలను, ఒక్కసారిగా వదులుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, మనిషి సగం మేలుకుంటాడు, గొంతు తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ ఊపిరి అందుకునే క్షణంలో గుండె వేగం పెరిగి బీపీ ఎగిసిపడుతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. రాత్రి మనం ఎవరినైనా ఒక్కసారి అరిచి లేపితే గుండె దడదడలాడుతుంది కదా, ఆయనకి అది రాత్రంతా జరుగుతోంది.

ఇది తెల్లారితే అయిపోయేదైతే బాగుండేది. రోజూ ఇలా జరిగేసరికి ఆ అలారం వ్యవస్థ పగలు కూడా సగం ఆన్‌లోనే ఉండిపోతుంది. ఆక్సిజన్ పడటం, లేవడం, పడటం, లేవడం వల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని వాటికి సాగే గుణం తగ్గుతుంది. ఆల్డోస్టెరాన్ అనే హార్మోను ఎక్కువై ఉప్పునీటిని ఒంట్లోనే ఆపేస్తుంది. అందుకే మామూలు బీపీ మాత్రలు ఈ మనుషుల్లో తడబడతాయి.

ఇంకో సంగతి చెప్తాను, డాక్టర్లం కూడా దీన్ని మరిచిపోతుంటాం. మామూలు మనిషికి నిద్రలో బీపీ పగటి మీద 10 నుంచి 20 శాతం దిగుతుంది. రోజంతా పనిచేసిన రక్తనాళాలకి అదే విశ్రాంతి. నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో చాలామందికి అది దిగదు, కొందరికి పైకి పోతుంది. పక్షవాతం, గుండెపోటు ఎవరికి వస్తాయో అంచనా వేయడానికి పగటి బీపీ కన్నా రాత్రి బీపీయే మెరుగ్గా పనికొస్తుంది. మేమేమో ఉదయం 11 గంటలకు, వరండాలో గంటసేపు కూర్చోబెట్టి, బల్ల మీద చెయ్యి పెట్టించి చూస్తాం. 24 గంటలూ చేతికి పట్టీ కట్టి చూసే బీపీ పరీక్ష ఒకటుంది. మీ వారి లాంటి వాళ్లకి అది తప్పకుండా చేయించదగ్గది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక ధాన్యం వ్యాపారి నా దగ్గరకి వచ్చేవాడు. పద్నాలుగు నెలల్లో ఒక మాత్రని నాలుగు చేశాను. ప్రతిసారీ "పచ్చడి మానేశావా, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా" అని గదమాయించడమే. ఒకరోజు వాళ్లావిడ గుమ్మం దగ్గర ఆగి "ఈయన రాత్రిళ్లు చచ్చి బతుకుతున్నారండీ డాక్టరు గారూ" అంది. నేను నవ్వేశాను. ఇంట్లో గొడవలేమో అనుకున్నాను. ఇంకో మూడు నెలలకి గుండె దడ అంటూ వచ్చాడు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి వణకడం. అప్పుడు గానీ ఆవిడ మాట నాకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి బీపీ పేషెంటుతో పాటు వాళ్లింట్లో మనిషిని కూడా లోపలికి పిలుస్తున్నాను.

ఆ లయ తప్పడానికీ దీనికీ లంకె ఉంది. మూసిన గొంతు మీద ఛాతీ బలంగా లాగినప్పుడు ఛాతీలోనే ఉన్న గుండె కూడా ఆ లాగుడుకి గురవుతుంది. పై గదుల గోడలు పల్చన, అవి సాగుతాయి. ఏళ్ల తరబడి సాగి సాగి విద్యుత్ దారులు చెడతాయి. 2003లో వచ్చిన ఒక అమెరికన్ పరిశీలనలో, షాకు ఇచ్చి లయ సరిచేసిన వాళ్లలో అప్నియాకి చికిత్స తీసుకోనివాళ్లకి ఏడాదిలో 82 శాతం మందికి మళ్లీ లయ తప్పింది. చికిత్స తీసుకున్నవాళ్లలో అది 42 శాతం. పై గదులు సాగినప్పుడు గుండె ఒక హార్మోను వదులుతుంది. "నీళ్లు ఎక్కువయ్యాయి, బయటికి పంపు" అని కిడ్నీలకి చెప్పే హార్మోను అది. మీ వారు రాత్రి రెండుమూడు సార్లు మూత్రానికి లేస్తున్నారా? చాలామంది దాన్ని షుగరనో ప్రోస్టేటనో అనుకుని ఆ పరీక్షలు చేయించుకుంటూ తిరుగుతారు.

"ఇదంతా లావు వల్ల వచ్చిన బీపీయే, గురక మీద తోసేస్తున్నారు" అని మీకెవరైనా చెప్పొచ్చు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే వాదించారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 709 మందిని నాలుగేళ్ల పాటు గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో గంటకు 15 లేదా అంతకు మించి ఆగినవాళ్లకి, అసలు ఆగని వాళ్లతో పోలిస్తే నాలుగేళ్ల తర్వాత బీపీ ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లు. బరువు, మెడ చుట్టుకొలత, వయసు, సిగరెట్టు, మద్యం అన్నీ లెక్కలోకి తీసుకున్నాకే ఈ మాట.

ఇంకోటి. గుండె ఆగి హఠాత్తుగా చనిపోయే మామూలు జనంలో ఆ మరణాలు పొద్దున లేచాక కొన్ని గంటల్లో ఎక్కువ. మేయో క్లినిక్ వాళ్లు 2005లో 112 మంది రికార్డులు తిరగేస్తే, అప్నియా ఉన్నవాళ్లలో 46 శాతం మంది అర్ధరాత్రికీ ఉదయం 6కీ మధ్య పోయారు. లేనివాళ్లలో అది 21 శాతం. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. "గురకే కదా" అనే మీ వారికి చూపించడానికి చెప్తున్నాను.

ఇక మిషన్. ఇది గాలిని కొద్దిపాటి ఒత్తిడితో నిరంతరం పంపి గొంతు గోడలు అతుక్కోకుండా చూస్తుంది. అంతే, అందులో విడిగా ఆక్సిజన్ ఉండదు, మందు ఉండదు. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు మొదట చేసినప్పుడు వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడాడు. ఇప్పుడు ఫ్యాన్ కన్నా తక్కువ చప్పుడు.

దీంతో బీపీ ఎంత తగ్గుతుందో నిజాయితీగా చెప్పాలి. మీ వారిలా మూడు అంతకుమించి మందులు వాడినా లొంగని బీపీ ఉన్న 194 మంది మీద స్పెయిన్‌లో చేసిన పరీక్ష 2013లో వచ్చింది. మూడు నెలలు మిషన్ వాడితే, వాడనివాళ్ల కంటే 24 గంటల సగటు బీపీ 3 పాయింట్లు ఎక్కువ తగ్గింది. "మూడేనా!" అనకండి. అది సగటు, అందులో మాస్కు సరిగ్గా పెట్టుకోనివాళ్లూ ఉన్నారు. ఎన్ని గంటలు ఎక్కువ పెట్టుకుంటే అంత ఎక్కువ తగ్గింది. రాత్రి బీపీ దిగడం అనే మామూలు పద్ధతి తిరిగొచ్చినవాళ్లు మిషన్ వాడినవాళ్లలో ఎక్కువ. అయినా 160 ఉన్న మనిషి మిషన్ ఒక్కదానితో 120కి దిగిపోడు. అందుకే మాత్రలు మానొద్దన్నాను. కొన్ని నెలల తర్వాత ఒకటి తగ్గించగలిగితే అది డాక్టరు చూసి తగ్గిస్తారు.

గుండెపోటు సంగతి. 2016లో సేవ్ అనే పెద్ద పరీక్ష ఫలితాలొచ్చాయి. ఏడు దేశాలు, అందులో మన దేశమూ ఉంది. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2700 మందికి పైగా. సగం మందికి మిషన్ ఇచ్చారు. సగటున మూడేళ్లు దాటాక చూస్తే గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఇది చదివి కొందరు డాక్టర్లు "మిషన్ దండగ" అనేశారు. నేను ఒప్పుకోను. ఆ మనుషులు రాత్రికి సగటున పెట్టుకున్నది 3.3 గంటలే. సగం రాత్రి గొడుగు పట్టుకుని మిగతా సగం తడిస్తే జలుబు గొడుగు వల్ల రాలేదు. 2023లో ఇలాంటి మూడు పరీక్షల వివరాలు కలిపి చూస్తే, రాత్రికి 4 గంటలు లేదా అంతకుమించి పెట్టుకున్నవాళ్లలో గుండె, మెదడు దెబ్బలు 31 శాతం తక్కువ కనిపించాయి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. మిషన్ క్రమం తప్పకుండా పెట్టుకునేవాడు మాత్రలు కూడా క్రమం తప్పకుండానే వేసుకుంటాడు, నడక కూడా మానడు. ఆ లాభంలో ఎంత మిషన్‌దో ఎంత ఆ మనిషి క్రమశిక్షణదో విడదీయడం కష్టం. కాబట్టి గుండెపోటు రాదని నేను రాసివ్వలేను. బీపీ కొంత దిగుతుంది, పగటి మగత తగ్గుతుంది, లయ తప్పే ముప్పు తగ్గవచ్చని పరిశీలనలు చెప్తున్నాయి గానీ గట్టి రుజువు ఇంకా లేదు. నా మటుకు నాకు ఇవి చాలు.

మీ వారు బండి నడుపుతారా? సిగ్నల్ దగ్గర కునుకు తీసే రకమైతే మిషన్ అలవాటయ్యేదాకా హైవే మీద స్టీరింగ్ ఇవ్వకండి. ఇందులో మొహమాటం వద్దు.

మాస్కు విషయంలో నా అనుభవం చెప్తాను. మొదటి వారం నరకం. మూడో రాత్రి నేను నిద్రలోనే పీకి అవతల పడేశాను. తప్పు మిషన్‌ది కాదు, మాస్కు సైజుది. ముక్కుకి మాత్రమే పెట్టేవి, ముక్కూ నోరూ కలిపి కప్పేవి, ముక్కు రంధ్రాల కింద ఆనేవి రకరకాలున్నాయి. కొనే ముందు నెలరోజులు అద్దెకి తీసుకుని చూడండి, చాలాచోట్ల ఇస్తున్నారు. గుబురు మీసాలుంటే గాలి లీకవుతుంది, ఇది మనవాళ్లతో మాట్లాడటానికి కొంచెం సున్నితమైన విషయం. ముందు పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమనండి. ముక్కు దిబ్బడ ఉంటే దానికి వైద్యం చేయించండి, కానీ మందుల షాపులో దొరికే చుక్కలు నెలల తరబడి వేయొద్దు, వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి. గాలి పొడిగా ఉంటే తేమ గిన్నె పెట్టుకోవాలి, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మా బోరు నీళ్లు పోసి నేను గిన్నెకి తెల్లటి చారలు తెచ్చుకున్నాను. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, ఇన్వర్టర్‌కి కలపండి. మధ్యాహ్నం కునుక్కి కూడా పెట్టుకోవాలి, ఇది చాలామంది మరిచిపోతారు.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఆల్‌ప్రజోలామ్ వేసుకుంటున్నారేమో కనుక్కోండి. మన ఊళ్లలో చీటీ లేకుండానే ఏళ్ల తరబడి మింగేవాళ్లున్నారు. ఆ జాతి మాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, మెదడు ఉలిక్కిపడి లేవడాన్ని ఆలస్యం చేస్తాయి. అయితే ఏళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పడుకునే ముందు మద్యం తాగడం కూడా గొంతుకి అదే పని చేస్తుంది. మోకాళ్ల నొప్పులకి రోజూ డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటుంటే బీపీ దిగకపోవడానికి అదీ ఒక కారణం. ఉప్పు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది, అయినా ఆవకాయ ముక్కతో పాటు అప్పడం, ఊరమిరపకాయ, మజ్జిగలో ఉప్పు కూడా లెక్కే.

బరువు మీద విస్కాన్సిన్ వాళ్లదే ఇంకో లెక్క ఉంది. 10 శాతం బరువు తగ్గితే ఊపిరి ఆగే సంఖ్య సుమారు 26 శాతం తగ్గుతుంది. మీ వారికి అది 9 కిలోలు. 38 కాస్తా 28 కావచ్చు. పూర్తిగా పోదు, కానీ తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగుతుంది. టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌ని లావుతో పాటు మధ్యస్థ, తీవ్ర అప్నియా ఉన్నవాళ్లకి అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతించారు. మన దేశంలో 2025 మార్చిలో షుగరు, బరువుల కోసం వచ్చింది. ఖరీదైనది, వాంతులు, వికారం మామూలు, ఆపితే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మిషన్ వద్దనడానికి దాన్ని సాకుగా పెట్టుకోనివ్వకండి.

మీ డాక్టరు గారిని అడగాల్సినవి కొన్నున్నాయి. ఆ మూడు మాత్రల్లో మూత్రం ద్వారా ఉప్పునీటిని పంపేది ఒకటి ఉందా? లేకపోతే అసలు "లొంగని బీపీ" అనడానికే వీల్లేదు. ఉంటే, నాలుగోదిగా స్పిరోనోలాక్టోన్ పనికొస్తుందా? ఆల్డోస్టెరాన్‌ని అడ్డుకునే మందు అది, ఇలాంటివాళ్లలో బాగా పనిచేస్తుంది. కానీ రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా మొదలుపెట్టకూడదు, మొదలుపెట్టాక కూడా మళ్లీ చూడాలి. ఈసీజీ, ఎకో తప్పనిసరి. ఎకోలో గుండె కండరం మందమైందా, పంపింగ్ ఎంత అన్నది చూడాలి. పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో కొందరికి ఇంకో రకం అప్నియా ఉంటుంది. గొంతు తెరిచే ఉంటుంది, మెదడే ఊపిరి పీల్చమని చెప్పడం మానేస్తుంది. అలాంటివాళ్లకి ఏఎస్వీ అనే తెలివైన మిషన్ పెడితే మరణాలు పెరిగాయని 2015లో తేలింది. అందుకే స్లీప్ స్టడీ రిపోర్టు, ఎకో రిపోర్టు రెండూ ఒకే డాక్టరు చూసి మిషన్ రకం నిర్ణయించాలి, అమ్మే కుర్రాడు కాదు.

అన్నట్టు, మీ సంగతేమిటి? నెలసరి ఆగాక ఆడవాళ్లలో ఇది బాగా పెరుగుతుంది. గురక అంత పెద్దగా ఉండకపోవచ్చు. నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే తలనొప్పి, రోజంతా నీరసం ఉంటాయి, దానికి బీకాంప్లెక్సు రాసి పంపిస్తారు. మీకూ బీపీ ఉంటే మీరు ఎలా పడుకుంటున్నారో ఒకసారి ఆయన్ని అడగండి.

ఈ వారం చేయాల్సింది చెప్తాను. ఏడు రోజులు పొద్దున మాత్ర వేసుకోకముందు, రాత్రి పడుకోబోయే ముందు, ఐదు నిమిషాలు కూర్చున్నాక రెండేసి సార్లు బీపీ చూసి నోటుపుస్తకంలో రాయండి. చేతికి కట్టే మిషనే వాడండి, మణికట్టుది వద్దు. పట్టీ ఆయన చేతికి సరిపోయేంత పెద్దది కావాలి, లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఒక రాత్రి ఆయన ఊపిరి ఆగి మళ్లీ అందుకోవడాన్ని ఫోన్లో రెండు నిమిషాలు వీడియో తీసి ఆయనకే చూపించండి. నన్ను మిషన్ పెట్టుకునేలా చేసింది ఏ పరిశోధనా కాదు, మా ఆవిడ తీసిన అలాంటి వీడియోనే. ఈలోగా ఛాతీలో నొప్పి, చెయ్యీ కాలూ ఒక పక్క లాగేయడం, మాట ముద్దగా రావడం ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మిషన్ మొదలుపెట్టాక నెలకి దానిలోని కార్డు తీసి డాక్టరుకి చూపించండి. ఎన్ని రాత్రులు, రోజుకి ఎన్ని గంటలు, పెట్టుకున్నాక గంటకు ఎన్నిసార్లు ఆగింది, గాలి ఎంత లీకయింది అన్నీ అందులో ఉంటాయి. "రోజూ పెట్టుకుంటున్నానండీ" అని ఆయన చెప్పే మాటతో పాటు అది కూడా చూడాలి. నా మొదటి నెల కార్డులో సగటు రెండున్నర గంటలే ఉంది.